రాజుల వేటతోట, ప్రజల కందకాలు

మాడ్రిడ్ నగరానికి వెళ్ళిన యాత్రికుడికి అక్కడి మార్గదర్శకులు సాధారణంగా రెండు వేరువేరు నడకలు చూపిస్తారు. ఒకటి రాజుల మాడ్రిడ్. అందులో పాత కూడళ్ళు, బ్రహ్మాండమైన రాజభవనం, కంచు గుర్రాల మీద కంచు రాజులు వుంటారు. రెండవది అంతర్యుద్ధపు మాడ్రిడ్. అందులో గుండు దెబ్బలు తిన్న గోడలు, తోటల్లో మిగిలిపోయిన కాంక్రీటు తుపాకి గూళ్ళు, విదేశీ విలేఖరులు బసచేసిన వీధులు వుంటాయి. రెండింటికీ టిక్కెట్లు వేరు. మొదటి నడకలో కథ 1931 దగ్గర ఆగుతుంది, రాజు వెళ్ళిపోయాడు గనక. రెండవ నడకలో కథ 1936 జూలైలో, ఎక్కడినుంచో వచ్చిపడ్డ తుఫానులాగా మొదలవుతుంది. నడుమనున్న అయిదేళ్ళూ ఎవరి వాటాలోకీ రావు.

చరిత్రను ఇట్లా రెండు ముక్కలు చేయడం కేవలం సౌకర్యం కోసమేనా? ఆ రెండు నడకల్నీ ఒకే దారిన కలిపి నడిచి చూస్తే సంగతి బోధపడుతుంది. మాడ్రిడ్ యుద్ధం జరిగిన ముఖ్యమైన స్థలాలలో ఎక్కువభాగం రాజుగారి నేల, లేదా రాజుగారి పేరున వెలసిన నేల. ఆ నేల ఎవరిది అన్న ప్రశ్నకే అక్కడి జనం మూడు సంవత్సరాలపాటు రక్తంతో జవాబు చెప్పవలసి వచ్చింది.

రాజభవనంతోనే మొదలుపెడదాం. 1561లో ఫిలిప్ 2 తన కొలువును మాడ్రిడ్‌కు తెచ్చాడు. అప్పటి పాత కోట 1734 క్రిస్మస్ రాత్రి తగలబడింది. 1738లో బూర్బన్ రాజు ఫిలిప్ 5 కొత్త భవనానికి పునాది వేయించగా, 1764లో ఛార్లెస్ 3 అందులో కాపురం పెట్టాడు. మూడువేలకు పైగా గదులు. ఏ గదిలో ఏ చిత్రకారుడి పైకప్పు వుందో, ఏ దీపం ఎన్ని మణుగులో మార్గదర్శకుడు చెబుతాడు. మనం ఆ లెక్కల జోలికి పోనక్కరలేదు. మనకు కావలసినది 1931 ఏప్రిల్ 14 రాత్రి. రెండు రోజుల ముందు జరిగినవి కేవలం పురపాలక ఎన్నికలు. కాని పెద్ద పట్టణాలన్నిటా రిపబ్లికనులూ సోషలిస్టులూ గెలిచారు. పల్లెల్లో భూస్వాములు, ఆ ప్రాంతపు పెద్దమనుషులు వోట్లు ఎట్లా రాబడతారో అందరికీ తెలుసు గనక, పట్టణాల తీర్పునే అసలు తీర్పుగా దేశం తీసుకున్నది. రాజు అల్ఫోన్సో 13 ఆ రాత్రి భవనం వదిలి, కారులో కార్తజీనా రేవుకు పోయి, ఓడ ఎక్కాడు. వెళ్తూ వెళ్తూ సింహాసనాన్ని మాత్రం వదులుకోలేదు. ఇది గుర్తుంచుకోవాలి.

రాజభవనానికి జాతీయ భవనం అని పేరు మారింది. తర్వాత రిపబ్లిక్ అధ్యక్షుడైన మాన్యుయల్ అసాన్యా అందులోనే నివసించాడు. భవనం పడమటి కిటికీలలోంచి చూస్తే మంసనారెస్ అనే చిన్న నది, దాని అవతల కాసా దె కాంపో అనే విశాలమైన అడవి కనిపిస్తాయి. నాలుగు వేల ఎకరాలకు పైబడిన ఆ అడవి ఫిలిప్ 2 కాలం నుంచి రాజులు వేటాడే చోటు. చుట్టూ గోడ. మాడ్రిడ్ చాకలి స్త్రీలు నది ఇవతల గట్టున బట్టలు వుతుకుతూ, అవతల గోడను తరతరాలుగా చూస్తూ వుండేవారు. రిపబ్లిక్ ఏర్పడిన కొద్దిరోజులకే, 1931లోనే, ప్రభుత్వం ఈ అడవిని మాడ్రిడ్ నగర ప్రజలకు ఇచ్చేసింది. మేడే నాటికి జనం గుంపులు గుంపులుగా లోపలికి వెళ్ళారు. భూసంస్కరణ చట్టం తేవడానికి ఆ ప్రభుత్వానికి మరో ఏడాదిన్నర పట్టింది. ఆ చట్టమైనా అమలులో నత్తనడక నడిచింది. కాని ఒక వేటతోట తలుపు తీయడానికి మాత్రం రెండు వారాలు చాలాయి. ప్రతీకాలను మార్చడం తేలిక, భూమిని పంచడం కష్టం. స్పెయిన్ రిపబ్లిక్ బలమూ బలహీనతా రెండూ ఈ ఒక్క సంగతిలో కనిపిస్తాయి.

ఇక్కడ ఒక పిట్టకథ. నిజంగానే పిట్టల కథ. ఇప్పుడు ప్లాసా మయోర్ అనే పాత కూడలిలో వున్న ఫిలిప్ 3 కంచు విగ్రహం మొదట ఈ కాసా దె కాంపోలోనే వుండేది. 1848లో కూడలికి తరలించారు. రిపబ్లిక్ వచ్చిన రోజుల్లో జనం దానిని పేల్చి పడగొట్టినప్పుడు, బోలుగా వున్న గుర్రం కడుపులోంచి చిన్న చిన్న ఎముకలు కుప్పగా రాలాయట. తెరిచివున్న గుర్రం నోట్లోంచి లోపలికి దూరిన పిచ్చుకలు తిరిగి బయటకు రాలేక, వందల ఏళ్ళుగా అందులోనే చచ్చిపోతూ వచ్చాయి. విగ్రహాన్ని బాగుచేసినప్పుడు గుర్రం నోరు మూసేశారు. రాచరికం మీద ఇంతకన్న మంచి వ్యాఖ్యానం ఏ కవీ రాయలేడు. మార్గదర్శకుడు ఈ కథను నవ్వించడానికి చెబుతాడు. చెప్పనీ.

అయిదేళ్ళు తిరిగాయి. 1936 జూలైలో సైన్యాధికారులు తిరుగుబాటు చేశారు. ఆ నవంబరులో ఫ్రాంకో సేనలు మాడ్రిడ్ మీదికి వచ్చినప్పుడు, వారు ఎంచుకున్న దారి సరిగ్గా ఈ కాసా దె కాంపో. నవంబరు 6న ప్రభుత్వం వలెన్సియాకు తరలిపోయింది. రాజధాని మర్నాడే పడిపోతుందని లోకమంతా అనుకున్నది. జనరల్ మియాహా అధ్యక్షతన రక్షణ మండలి ఏర్పడ్డది. వ్యూహం నడిపినవాడు విసెంతె రోహో. నవంబరు 7 రాత్రి ఒక ట్యాంకు అధికారి శవం దగ్గర శత్రువు దాడి పథకం కాగితాలు దొరికాయి. అసలు దాడి కాసా దె కాంపో మీదుగానే అని అప్పుడు తెలిసింది. నవంబరు 8న అంతర్జాతీయ దళం నగరవీధుల్లో కవాతు చేస్తూ ముందుకు కదిలింది. పది లక్షల జనాభా వున్న నగరంలో కార్మిక సంఘాలవాళ్ళు, ముందువాడు పడిపోతే అతని తుపాకి అందుకోవడానికి వెనకాల వట్టిచేతులతో నిలబడ్డారు. ప్రజలకు 1931లో దక్కిన తోటనే 1936లో వారు కందకాలు తవ్వి కాపాడవలసి వచ్చింది. పూర్తిగా కాపాడలేకపోయారు. అందులోని గరబీతాస్ గుట్ట శత్రువు చేతికి చిక్కి, యుద్ధం ముగిసేదాకా ఆ గుట్ట మీది ఫిరంగులు నగరాన్ని కొడుతూనే వున్నాయి. ఇవాళ ఆ చెట్ల నడుమ పరుగెత్తేవాళ్ళు, సైకిలు తొక్కేవాళ్ళు దూకి దాటే గుంటలలో కొన్ని ఆ కందకాలే.

ఎదురుగా వచ్చిన సైన్యాన్ని గురించి కూడా ఒక మాట చెప్పాలి. దాని ముందుభాగాన నడిచినవారు చాలామంది మొరాకో బంట్లు. స్పెయిన్ వలసపాలనలో పేదరికానికి జీతపు తుపాకి పట్టినవాళ్ళు. వలసపాలకుడి యుద్ధాలకు మన పల్లెల నుంచి సిపాయిలు ఎట్లా పోయారో తెలిసిన మనకు ఇది కొత్త కాదు. మొరాకోకు స్వాతంత్ర్యం ప్రకటించి వుంటే ఫ్రాంకో సేన కాళ్ళకింద నేల కదిలేది. రిపబ్లిక్ ఆ పని చేయలేదు. ఇంగ్లండు, ఫ్రాన్సులకు కోపం వస్తుందనే భయం ఒకటి. తమ దేశపు వలసను వలసగా చూడలేని పాత చూపు ఇంకొకటి. ఆ ఇంగ్లండూ ఫ్రాన్సూ జోక్యం చేసుకోబోమంటూ రిపబ్లిక్‌కు ఆయుధాలు అందకుండా చేశాయి గనక, ఆ భయం వల్ల లాభం కూడా దక్కలేదు.

భవనం నుంచి ఉత్తరానికి కొద్ది దూరం నడిస్తే ప్రిన్సిపె పియో అనే గుట్ట. 1808 మే 2న నెపోలియన్ సేనల మీద తిరగబడ్డ మాడ్రిడ్ జనాన్ని, మర్నాటి తెల్లవారుజామున ఈ గుట్ట మీదే నిలబెట్టి కాల్చారు. గోయా 1814లో వేసిన చిత్రంలో తెల్లచొక్కాతో చేతులు చాచి నిలబడినవాడు ఇక్కడి మనిషే. తరువాత ఇదే గుట్ట మీద మోంతాన్యా బారకాసులు కట్టారు. 1936 జూలైలో తిరుగుబాటు అధికారులు అందులో చేరి తలుపులు బిగించుకున్నారు. ప్రభుత్వం ప్రజలకు పంచిన తుపాకులలో చాలావాటికి బోల్టులు లేవు. పదుల వేల బోల్టులు ఈ బారకాసులలోనే వున్నాయి. జూలై 20న జనం ముట్టడించి లోపలికి చొచ్చుకుపోయారు. లొంగిపోయిన అధికారులను ఆవరణలోనే కాల్చిన ఘటనలూ జరిగాయి.

ఇవాళ అక్కడికి వెళితే బారకాసులు లేవు. ఒక ఈజిప్టు దేవాలయం వుంది! ఆస్వాన్ ఆనకట్ట నీళ్ళలో మునిగిపోవలసిన దెబోద్ గుడి అది. పురాతన కట్టడాలను కాపాడడంలో సహాయం చేసినందుకు ఈజిప్టు దానిని స్పెయిన్‌కు ఇచ్చింది. 1972లో ఈ గుట్ట మీద నిలబెట్టారు. నాగార్జునకొండ రాళ్ళను ఎత్తి ద్వీపం మీద పెట్టిన సంగతి ఎరిగిన తెలుగువాడికి గుడిని తరలించడంలో వింత తోచదు. వింత అంతా దాన్ని ఎక్కడ పెట్టారన్న దానిలోనే వుంది. ఫ్రాంకో బతికివున్న కాలం. రెండు తిరుగుబాట్ల నెత్తురు ఇంకిన నేల మీద, ఎవరికీ పేచీలేని, రెండువేల ఏళ్ళనాటి, పరదేశపు గుడి. సాయంకాలం సూర్యాస్తమయం చూడడానికి జనం అక్కడ చేరుతారు. చాలా అందంగా వుంటుంది కూడా.

ఇంకా వాయవ్యంగా పోతే విశ్వవిద్యాలయ నగరం. దానిని 1927లో ప్రారంభించినది అల్ఫోన్సో రాజే, నేలా రాచనేలే. కాని అందులో మొదటి తరగతి గదులు తెరుచుకున్నది రిపబ్లిక్ కాలంలో. తత్త్వశాస్త్ర, సాహిత్య కళాశాల 1933లో తెరిచారు. కట్టడాలింకా పూర్తికాకముందే 1936 నవంబరు 15 తర్వాత అది యుద్ధభూమి అయింది. ఒక అంతస్తు వీరిది, పై అంతస్తు వారిది అన్నట్టుగా పోరాడారు. గ్రంథాలయంలోని లావుపాటి పుస్తకాలను కిటికీలకు అడ్డుగోడగా పేర్చుకున్నారు. జాన్ సోమర్‌ఫీల్డ్ అనే ఇంగ్లీషు రచయిత ఆ దళంలో సైనికుడు. భారతీయ వేదాంత గ్రంథాలూ, జర్మన్ తత్త్వవేత్తల సంపుటాలూ తుపాకి గుండ్లను చక్కగా ఆపాయని ఆయన తన జ్ఞాపకాలలో రాశాడు. మన వేదాంతం ప్రజలకు ఎప్పుడు ఉపయోగపడ్డదని ప్రశ్నించే మిత్రులు ఈ ఒక్క సాక్ష్యాన్ని గమనించగోరుతాను.

ఈ ప్రాంతపు వాకిలి మోంక్లోవా. అక్కడ 1950లలో ఫ్రాంకో కట్టించిన విజయతోరణం వుంది. విశ్వవిద్యాలయానికి వెళ్ళే విద్యార్థి దాని పక్కనుంచే పోవాలి. దాని మీది రాత లాటిన్. మాడ్రిడ్ జనం చదవలేని భాషలో మాడ్రిడ్ జనం మీద గెలుపు. అదే ఆవరణలో 2011లో అంతర్జాతీయ దళాలకు ఒక స్మారకం నిలబెట్టారు. కట్టడానికి అనుమతి తీసుకోలేదన్న కారణం మీద, తొలగించమని 2013లో న్యాయస్థానం ఆదేశించింది. తోరణానికి అనుమతి ఎవరిచ్చారని ఎవరూ అడగలేదు.

ఇక్కడే మనవాళ్ళు తల తిప్పుకుని పోయే చోటు ఒకటి వుంది. తోరణానికి ఎదురుగా పెద్ద వైమానిక శాఖ భవనం కనిపిస్తుంది. యుద్ధానికి ముందు అది మోడల్ జైలు వున్న స్థలం. 1936 నవంబరు 7 నుంచి డిసెంబరు 4 వరకు ఈ జైలు నుంచీ, మాడ్రిడ్‌లోని ఇతర జైళ్ళ నుంచీ ఖైదీలను బస్సులలో ఎక్కించి, ఊరి బయట పరకుయెయోస్ దగ్గరా, మరికొన్ని చోట్లా కాల్చి చంపారు. రెండువేలకూ రెండున్నర వేలకూ మధ్య చనిపోయారని చరిత్రకారుల అంచనా. రక్షణ మండలిలో శాంతిభద్రతల బాధ్యుడు సాంతియాగో కార్రియో అనే 21 సంవత్సరాల యువకుడు, అప్పుడే కమ్యూనిస్టు పార్టీలో చేరినవాడు. తనకేమీ తెలియదని ఆయన జీవితాంతం చెప్పాడు. ఈ విషయం పరిశోధించినవారిలో ఎక్కువమంది, వామపక్ష రిపబ్లిక్ మీద సానుభూతి వున్నవారు సైతం, ఆ మాట నమ్మలేదు. ఆ హత్యలను ఆపినవాడు మెల్చోర్ రోద్రీగెస్ అనే అరాచకవాది. జైళ్ళ బాధ్యత చేతికి రాగానే ఖైదీలను బయటికి తీసుకుపోవడం నిలిపివేశాడు. యుద్ధం తరువాత ఫ్రాంకో ప్రభుత్వం ఆయననూ జైల్లో పెట్టింది. శత్రువు ఊరి గుమ్మంలో వున్నాడు, ఖైదీలలో సైనికాధికారులున్నారు అనే వాదన మనకు తెలుసు. ఆ వాదనతో భయాన్ని అర్థం చేసుకోవచ్చు. హత్యను సమర్థించలేము. ఈ జైలు ముందు నిలబడి మాట్లాడలేని అభ్యుదయవాదికి తోరణం ముందు నిలబడి మాట్లాడే అర్హత సగం పోతుంది.

అయితే ఈ స్థలం దగ్గరే మార్గదర్శకుడు తన అసలు సిద్ధాంతం చెబుతాడు: అన్నదమ్ములు కొట్టుకున్నారు, ఇరువైపులా పాపం వుంది, ఇక మరచిపోదాం. వినడానికి ధర్మంగా వుంటుంది. కాని నవంబరులో ఈ ఊరి మీద బాంబులు వేసిన జంకర్ విమానాలు ఏ అన్నవి? అవి హిట్లర్ పంపిన కాండోర్ దళానివి. ఫ్రాంకో పక్షాన పోరాడిన వేలాది ఇటాలియన్ సైనికులు ఏ తమ్ముడి పిల్లలు? రిపబ్లిక్ వైపు రక్తపాతం ఎక్కువగా రాజ్యం చేయిజారిన నెలలలో జరిగింది. ప్రభుత్వం దానిని ఆపడానికి ప్రయత్నించింది. ఫ్రాంకో వైపు రక్తపాతమే ప్రభుత్వ విధానం. యుద్ధం ముగిసిన తరువాత కూడా, శాంతికాలంలో, కోర్టు ముద్రతో అది సాగింది.

గ్రాన్ వియా అనే పెద్దవీధి గురించి ఎక్కువ చెప్పను. అక్కడ టెలిఫోను కంపెనీ వారి ఎత్తయిన మేడ వుంది. ఫిరంగులకు అదే గురి. అందుకే జనం ఆ వీధిని గుండ్ల వీధి అని పిలుచుకున్నారు. హెమింగ్వే దిగిన ఫ్లోరిడా హోటలును 1964లో పడగొట్టారు. ఇప్పుడక్కడ బట్టల అంగడి వుంది. యాత్రికులకు అతడు తాగిన చోట్లన్నీ చూపిస్తారు. 1937 జూలైలో బ్రూనెతె పోరు నడుస్తుండగానే, సంస్కృతి రక్షణ కోసం ప్రపంచ రచయితల రెండవ మహాసభ ఈ నగరంలో కూర్చున్నది. మన దేశంలో అభ్యుదయ రచయితల సంఘం లక్నోలో పుట్టి అప్పటికి ఏడాది దాటింది. ఆ మహాసభ చిరునామా చూపమని అడిగే యాత్రికుడు అరుదు.

ఆ వీధికి దగ్గరలోని లిరియా భవనం గురించి మాత్రం చెప్పాలి. అది ఆల్బా ప్రభువుది. స్పెయిన్ భూస్వాములలో అగ్రగణ్యుడు. యుద్ధకాలంలో లండనులో ఫ్రాంకో తరఫున పనిచేశాడు. ఆయన భవనాన్ని కమ్యూనిస్టు దళాలు స్వాధీనం చేసుకుని, లోపలి చిత్రాలను జాగ్రత్తగా కాపలా కాశాయి. నవంబరు 17న ఫ్రాంకో పక్షపు బాంబులు పడి ఆ భవనం తగలబడింది. మంటల్లోంచి గోయా చిత్రాలనూ ఇతర సంపదనూ మోసుకు వచ్చినవాళ్ళు సామాన్యులైన సాయుధ కార్యకర్తలు. వాటిని వలెన్సియాలో జనానికి ప్రదర్శించారు. ముందురోజే ప్రాడో చిత్రశాల మీద కూడా బాంబులు పడ్డాయి. ఎర్రవాళ్ళు సంస్కృతిని నాశనం చేస్తారన్న కేకకు ఇంతకన్న జవాబు అక్కరలేదు.

బాంబులకూ వర్గదృష్టి వుంటుందా? మాడ్రిడ్‌లో వుండింది. ధనికులుండే సలమాంకా పేటను వదిలిపెడతామని ఫ్రాంకో ముందే చాటించాడు. దక్షిణాన వయెకాస్ కూలిపేట మీద బాంబులు పడ్డాయి. ఆ పేటలోని పెయిరోన్‌సెలీ వీధి 10వ నంబరు ఇంటి ముందు కూర్చున్న పిల్లల ఛాయాచిత్రాన్ని రాబర్ట్ కాపా తీశాడు. గోడనిండా చిల్లులు, ముందు నవ్వుతున్న పసివాళ్ళు. ఎనభై ఏళ్ళ తరువాత కూడా ఆ ఇంట్లో పేద కుటుంబాలే ఇరుకు గదుల్లో అద్దెకున్నాయి. ఆ చిత్రం పుణ్యమా అని ఇల్లు కూల్చకుండా నిలిచింది. కుటుంబాలకు వేరే ఇళ్ళు ఇచ్చారు. రాజుల నడక ఈ పేటకు రాదు, సరే. యుద్ధపు నడక కూడా చాలావరకు రాదు, నగరం నడిబొడ్డునుంచి దూరం గనక.

1939 మార్చి 28న మాడ్రిడ్ లొంగింది. విజేత ఎక్కడ కాపురం పెట్టాడు? ఎల్ పార్దోలో, అంటే రాజుల మరో వేటభవనంలో. ఉత్సవాలకు రాజభవనం వసారాలో నిలబడి జనానికి చేయి వూపాడు. చివరిసారి 1975 అక్టోబరు 1న. 1947లో స్పెయిన్‌ను రాజ్యమని చట్టం చేసి, రాజు లేని రాజ్యాన్ని ఏలాడు. 1969లో అల్ఫోన్సో మనుమడిని వారసుడిగా ప్రకటించాడు. 1975లో ఆ మనుమడు హువాన్ కార్లోస్ రాజైనాడు. రాజుల కథా యుద్ధం కథా వేరువేరు టిక్కెట్ల మీద చూపడం ఇందుకే కుదరదు. సింహాసనం 1931లో ఒక దారిన వెళ్ళి, 1975లో యుద్ధం గెలిచినవాడి చేతుల మీదుగా తిరిగివచ్చింది. తరువాత వచ్చిన ప్రజాస్వామ్యం స్పెయిన్ కార్మికులు, విద్యార్థులు సమ్మెలతో, జైళ్ళతో సంపాదించుకున్నది. వారి నడక ఇంకా ఎవరూ టిక్కెట్టు పెట్టి చూపడంలేదు.

చివరిగా పుయెర్తా దెల్ సోల్. స్పెయిన్ దారులన్నిటికీ మైలురాయి లెక్క మొదలయ్యే కూడలి. గడియారపు బురుజు వున్న పాత తపాలా భవనం ముందు 1931లో జనం రిపబ్లిక్ జెండా చూసి కేకలు వేశారు. యుద్ధం మొదలైన రోజుల్లో డోలోరెస్ ఇబార్రురి శత్రువును ముందుకు రానివ్వమని ఇక్కడి నుంచే రేడియోలో చాటింది. ఫ్రాంకో కాలంలో అది రాజకీయ పోలీసుల కేంద్రం. కింది గదుల్లో చిత్రహింసలు. 1962 నవంబరులో హూలియాన్ గ్రిమావ్ అనే కమ్యూనిస్టు నాయకుడు దాని కిటికీలోంచి వీధిలో పడ్డాడు; పుర్రె పగిలి కూడా బతికాడు; 1963 ఏప్రిల్ 20న కాల్చేశారు. భవనం గోడ మీద 1808 వీరులకు ఒక ఫలకం, 2004 రైలు పేలుళ్ళలో సహాయం చేసినవారికి ఒక ఫలకం పెట్టారు. కింది గదుల ఖైదీలకు ఒక ఫలకం పెట్టే విషయంలో మాత్రం కేంద్ర ప్రభుత్వానికీ మాడ్రిడ్ ప్రాంతీయ ప్రభుత్వానికీ తగవు వచ్చింది.

ఈ కూడలి నుంచి తూర్పుగా, నడకకు అందనంత దూరంలో అల్ముదేనా శ్మశానం వుంది. 1939 నుంచి 1944 వరకు దాని గోడ పక్కన దాదాపు మూడువేల మందిని కాల్చారు. 1939 ఆగస్టు 5న కాల్చినవారిలో పదమూడుగురు అమ్మాయిలు. మైనారిటీ తీరనివాళ్ళు వారిలో ఎక్కువ. ఆ మూడువేల పేర్లతో ఒక స్మారకం కట్టడం మొదలై, పురపాలకసంఘంలో అధికారం చేతులు మారగానే, 2019లో పేర్లు చెక్కిన పలకలను పీకేశారు. విజయతోరణం మీది లాటిన్ అక్షరాలకు మాత్రం ఆ సంవత్సరం ఏ హానీ జరగలేదు.